తెగినా ఆగని దారి: నెట్‌వర్కు నిర్మాణంలో పాటించవలసిన పద్ధతులు

వెనుకటి పాఠంలో కంప్యూటర్లను ఒకదానితో ఒకటి ఎలా కలుపుతారో, స్విచ్చి ఏ పని చేస్తుందో, రూటరు ఏ పని చేస్తుందో తెలుసుకున్నారు. కలపడం తెలిసినవారికి వెంటనే ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. కలిపినది తెగితే ఏమవుతుంది? ఈ పాఠం ఆ ప్రశ్న గురించే.

ఈ పాఠం చదివిన తరువాత మీరు ఒక నెట్‌వర్కు పటాన్ని చూసి అది ఎక్కడ బలహీనంగా ఉందో గుర్తించగలుగుతారు. ఒక కార్యాలయానికి రెండు లైన్లు ఉంటే అవి నిజంగా రెండో, పేరుకు మాత్రమే రెండో లెక్క వేసి చెప్పగలుగుతారు. ఒక కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకొని చదవండి. మధ్యలో ప్రశ్న వచ్చినచోట ఆగి, మీ జవాబు రాసుకున్న తరువాతే ముందుకు వెళ్ళండి.

తపతి నది రెండు ఒడ్లు

గుజరాత్‌లోని సూరత్ చాలామంది తెలుగువారికి తెలిసిన ఊరే. మరమగ్గాల పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారి పిల్లల కోసం అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడిపింది. మీలో కొందరి బంధువులు ఆ ఊళ్ళోనే ఉండవచ్చు.

తపతి నది సూరత్ మధ్యగా పారుతుంది. అక్కడివారు దాన్ని తాపీ అంటారు. ఎడమ ఒడ్డున పాత నగరం, రైల్వే స్టేషను, బట్టల మార్కెట్లు ఉన్నాయి. కుడి ఒడ్డున రాందేర్, దానిని ఆనుకొని అడాజన్ ఉన్నాయి. అడాజన్ నుంచి అవతలి ఒడ్డుకు రావాలంటే వంతెన దాటాలి. సర్దార్ వంతెన అలాంటిదే. ఈ పటాన్ని మీ కాగితం మీద గీసుకోండి: నది, రెండు ఒడ్లు, మధ్యలో వంతెనలు. పాఠం పొడుగునా ఇది మనకు పనికివస్తుంది.

సూరత్‌కు ఎగువన సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉకాయ్ ఆనకట్ట ఉంది. అది 1972లో పూర్తయింది. 2006 ఆగస్టు మొదటి వారంలో తపతి పరీవాహక ప్రాంతంలో భారీ వర్షాలు కురిశాయి. ఆనకట్టలోకి వచ్చే నీరు పెరిగిపోవడంతో కిందికి వదలక తప్పలేదు. ఒక దశలో సెకనుకు సుమారు 9 లక్షల ఘనపుటడుగుల నీటిని వదిలారు. ఆగస్టు 7 నుంచి నగరంలో అధిక భాగం నీటిలో ఉండిపోయింది. బాగా దెబ్బతిన్న ప్రాంతాలలో అడాజన్, రాందేర్ ఉన్నాయి. ఇళ్ళ కింది అంతస్తులు మునిగాయి. కరెంటు పోయింది, ఫోన్లు మూగవోయాయి.

ఇక్కడ ఒక విషయం గమనించండి. వరదలో చిక్కుకున్న మనిషికి అన్నిటికంటే ముందు కావలసింది, తాను ఎక్కడ ఉన్నాడో ఇంకొకరికి చెప్పగలగడం. పడవ ఎటు వెళ్ళాలో, ఏ మేడ మీద జబ్బుపడినవారు ఉన్నారో తెలియాలంటే మాట వెళ్ళాలి. నెట్‌వర్కు అవసరం అందరికీ ఒక్కసారిగా పెరిగేది, అది ఆగిపోయేది సాధారణంగా ఒకే రోజున. మామూలు రోజుల్లో బాగా పనిచేసిన నెట్‌వర్కును మంచి నెట్‌వర్కు అనుకోవడానికి వీలులేకపోవడానికి కారణం ఇదే.

ఫోను ఎందుకు మూగవోతుంది?

పాత పద్ధతి తీగ ఫోనుకు మీ ఇంట్లో కరెంటు అక్కరలేదు. దానికి కావలసిన విద్యుత్తు ఎక్స్ఛేంజి నుంచి అదే తీగ మీద వస్తుంది. ఎక్స్ఛేంజిలో 48 వోల్టుల బ్యాటరీల వరుస ఉంటుంది. ఊరంతా చీకటైనా ఆ ఫోను మోగడానికి కారణం ఈ బ్యాటరీలే. అయితే అవి చాలా బరువైనవి. బరువైన వస్తువును కింది అంతస్తులో పెట్టడం ఎవరికైనా సహజంగా తోచే పని. వరద నీరు మొదట వచ్చేది కూడా కింది అంతస్తుకే.

మొబైలు ఫోను సంగతి వేరు. మీ చేతిలోని ఫోనుకు తన బ్యాటరీ ఉంది కాని, అది మాట్లాడవలసిన టవరుకు కరెంటు కావాలి. కరెంటు పోతే టవరు బ్యాటరీ కొన్ని గంటలు నడిపిస్తుంది. ఆ తరువాత జనరేటరు, జనరేటరుకు డీజిలు, డీజిలు తేవడానికి రోడ్డు కావాలి. రోడ్డు మునిగితే టవరు చెక్కుచెదరకుండా నిలబడి ఉన్నా పనిచేయదు. పైగా టవరు ఒక్కటే ఉంటే చాలదు. దాని నుంచి మిగతా నెట్‌వర్కుకు వెళ్ళే కేబులు కూడా బాగుండాలి.

ప్రశ్న: ఒక టవరు పనిచేయడానికి ఏవేవి కావాలో పై పేరాలో ఎన్ని వచ్చాయి? వాటిలో ఏ ఒక్కటి లేకపోయినా టవరు ఆగిపోతుందా?

కరెంటు సరఫరా, బ్యాటరీ, జనరేటరు, డీజిలు, రోడ్డు, కేబులు. ఇందులో మొదటి ఐదూ ఒకే పనికి, అంటే విద్యుత్తు అందించడానికి, ఒకదాని తరువాత ఒకటి అండగా నిలిచేవి. మొదటిది పోతే రెండోది ఆదుకుంటుంది. కేబులుకు మాత్రం ఎవరూ అండ లేరు. కేబులు తెగిన క్షణమే టవరు ఒంటరిదవుతుంది. ఇలా ఒక్కటి పోతే మొత్తం ఆగిపోయే చోటును ‘ఏకైక వైఫల్య స్థానం’ అంటారు. నెట్‌వర్కు ఇంజనీరు కొత్త చోటికి వెళ్ళగానే వెతకవలసింది దీనినే. నెట్‌వర్కుల గురించిన పుస్తకాలు చాలావరకు పరికరాల పేర్లతో, వాటి వేగంతో మొదలవుతాయి. వేగం గురించి తరువాతైనా నేర్చుకోవచ్చు. ముందు నేర్చుకోవలసింది ఇది.

కొంచెం లెక్క

ఒక సందేశం మీ కంప్యూటరు నుంచి బయలుదేరి స్విచ్చి, రూటరు, లైను, అవతలి రూటరు అనే నాలుగింటిని దాటి వెళ్ళాలనుకోండి. వీటిలో ఒక్కొక్కటి నూటికి 99 వంతుల కాలం సరిగా పనిచేస్తుందనుకుందాం. వినడానికి చాలా బాగుంది. కాని సందేశం చేరాలంటే నాలుగూ ఒకేసారి పనిచేయాలి. అందువల్ల గుణించాలి: 0.99 × 0.99 × 0.99 × 0.99. జవాబు సుమారు 0.96. నూటికి దాదాపు 4 వంతుల కాలం నెట్‌వర్కు ఉండదన్నమాట. సంవత్సరానికి 8,760 గంటలు. అందులో సుమారు 345 గంటలు, అంటే 14 రోజులు పోయాయి. ఒకదాని తరువాత ఒకటిగా పరికరాలను తగిలించుకుంటూ పోతే ఇలాగే జరుగుతుంది. అందుకే అనుభవం గలవారు అవసరం లేని పెట్టెను దారిలో పెట్టనివ్వరు.

ఇప్పుడు వరుసగా కాక, పక్కపక్కన పెట్టి చూద్దాం. నూటికి ఒక వంతు కాలం పనిచేయని లైను ఒకటి ఉంటే సంవత్సరానికి సుమారు 88 గంటలు నష్టం. అలాంటివే రెండు లైన్లు పెట్టి, ఒకటి పోతే రెండోది పని అందుకునేలా చేస్తే? రెండూ ఒకేసారి పోయినప్పుడే మనం ఆగిపోతాం. నూటిలో ఒకటిని నూటిలో ఒకటితో గుణిస్తే పదివేలలో ఒకటి. సంవత్సరానికి సుమారు 53 నిమిషాలు. మూడున్నర రోజులకు పైగా ఉన్న నష్టం గంటలోపుకు తగ్గింది.

ఈ లెక్క చూపించి రెండో లైను అమ్మేవారు ఉంటారు. లెక్కలో తప్పు లేదు. అయితే దాని వెనుక బయటికి చెప్పని షరతు ఒకటి ఉంది. ఒక లైను పోవడానికి, రెండోది పోవడానికి ఏ సంబంధమూ ఉండకూడదు. ఈ షరతు నిలవకపోతే గుణకారం చెల్లదు.

మీరు గీసుకున్న పటం దగ్గరికి రండి. అడాజన్‌లో ఒక కార్యాలయం ఉందని ఊహించండి. వాళ్ళు జాగ్రత్తపరులు. రెండు వేరువేరు కంపెనీల నుంచి రెండు లైన్లు తీసుకున్నారు. ఇద్దరికీ నెల నెలా డబ్బు కడుతున్నారు. ఆ రెండు కంపెనీల ప్రధాన కేంద్రాలూ నది అవతల ఉన్నాయి. రెండు కేబుళ్ళూ ఒకే వంతెన పక్కన వేసిన ఒకే గొట్టంలో నదిని దాటుతున్నాయి. ఆ గొట్టానికి ఏదో ఒకటి జరిగి 200 వంతుల్లో ఒక వంతు కాలం అది పనికిరాకుండా పోతుందనుకోండి. అది ఒక్కటే సంవత్సరానికి సుమారు 44 గంటలు. పాత 53 నిమిషాలు దీనికి కలుస్తాయి. రెండు లైన్లకు డబ్బు కట్టిన కార్యాలయానికి దక్కింది దాదాపు 45 గంటల నష్టం. బిల్లుల్లో రెండు, నది మీద ఒకటి.

ఇది ఊహ మాత్రమే కాదు. ఇలాంటిదే మన దేశం మొత్తానికి జరిగింది. 2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా సమీపంలో సముద్రం అడుగున ఉన్న రెండు కేబుళ్ళు తెగాయి. ఒకదాని పేరు సీ-మీ-వీ 4, రెండోదాని పేరు ఫ్లాగ్ యూరప్-ఆసియా. వాటి యాజమాన్యాలు వేరు, పేర్లు వేరు. కాని యూరపు నుంచి ఆసియాకు వచ్చే కేబుళ్ళకు ఈజిప్టు దగ్గరిదారి. అందువల్ల చాలా కేబుళ్ళు అక్కడికే చేరి పక్కపక్కన నడుస్తాయి. ఆ రోజు భారతదేశంలోనూ, పశ్చిమాసియా దేశాల్లోనూ ఇంటర్నెట్ బాగా నెమ్మదించింది. తూర్పు వైపు, అంటే పసిఫిక్ మహాసముద్రం మీదుగా వెళ్ళే దారి ఉన్న కంపెనీలు తమ సమాచారాన్ని అటు మళ్ళించి కొంతవరకు నెట్టుకొచ్చాయి. అది చుట్టుదారి, ఆలస్యం ఎక్కువ. అయినా దాని మీద పని సాగింది, ఎందుకంటే దానికి అలెగ్జాండ్రియాతో పని లేదు.

కాబట్టి రెండో లైను తీసుకునేటప్పుడు కంపెనీ పేరు అడిగితే సరిపోదు. కేబులు ఏ వీధిలో, ఏ వంతెన మీదుగా, ఏ ఎక్స్ఛేంజికి వెళుతుందో అడగాలి. కాగితం మీద గీసి చూపించమనాలి. చాలాసార్లు అమ్మేవారికే అది తెలియదు. తెలుసుకొని చెప్పేవరకు ఆగడం మంచిది. అడాజన్ వంటి చోట ఒక లైను కేబులు అయితే రెండోది గాలిలో వెళ్ళే రేడియో సంబంధం కావడం ఒక మార్గం. లేదా రెండో కేబులు నదిని దాటకుండా తన ఒడ్డునే వేరే దిక్కుకు వెళ్ళడం మరో మార్గం.

ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చింది?

అమెరికాలో పాల్ బరాన్ అనే ఇంజనీరు 1960 దశకం మొదట్లో ఈ సమస్య మీద పనిచేసి, 1964లో తన నివేదికలు ప్రచురించాడు. యుద్ధంలో కొన్ని కేంద్రాలు ధ్వంసమైనా మాట చేరవేయడం ఎలా అన్నది ఆయన ప్రశ్న. అన్ని తీగలూ ఒక పెద్ద కేంద్రానికి వెళ్ళే ఏర్పాటు బలహీనమైనదని, చేపల వల మాదిరిగా ప్రతి ముడి నుంచి అనేక ముడులకు దారులు ఉండాలని ఆయన చూపించాడు. సందేశాన్ని చిన్న ముక్కలుగా చేసి, ఏ దారి తెరచి ఉంటే ఆ దారిన పంపాలి. ముక్కలుగా పంపే ఈ పద్ధతి మీదనే 1969లో ఆర్పానెట్ మొదలయింది. ఆ తరువాత ఇంటర్నెట్ వచ్చింది. ఇంటర్నెట్ తెగిన దారిని తప్పించుకొని వెళ్ళగలదని అందుకే అంటారు. కాని తప్పించుకోవడానికి రెండో దారి అంటూ ఉండాలి కదా. మీ వీధి చివరి వరకూ ఒక్క తీగే ఉంటే బరాన్ ఆలోచన మీ ఇంటి దాకా రానట్టే.

నీరు, గాలి, డీజిలు

సూరత్ వరద చూసినవారు పరికరాలను పై అంతస్తుకు చేర్చాలని చెబుతారు. అది సరైన మాటే. అయితే పరికరాలతో పాటు ఇంకేమి పైకి చేరాలో కూడా ఆలోచించాలి. 2012 అక్టోబరు చివర న్యూయార్కును శాండీ తుపాను తాకింది. అక్కడి కొన్ని పెద్ద భవనాల్లో కంప్యూటర్లు, జనరేటర్లు పై అంతస్తుల్లోనే ఉన్నాయి. కాని డీజిలును పైకి పంపే పంపులు నేలమాళిగలో ఉండి నీట మునిగాయి. ఒక భవనంలో ఉద్యోగులు మెట్ల మీద వరుసగా నిలబడి 17వ అంతస్తు దాకా డీజిలును బక్కెట్లతో అందించుకున్నారు. సేవ ఆగలేదు. ఆ మనుషులను మెచ్చుకోవలసిందే. పంపు స్థలం నిర్ణయించినవారిని మాత్రం మెచ్చుకోలేం.

మరి అన్నిటినీ ఎత్తున పెడితే సరిపోతుందా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరాన్ని దాటింది. అక్కడ ప్రధాన శత్రువు గాలి. చెట్లు, విద్యుత్ స్తంభాలు పెద్ద సంఖ్యలో కూలాయి. కరెంటు, ఫోను సౌకర్యాలు రోజుల తరబడి దెబ్బతిన్నాయి. స్తంభాల మీదుగా వేలాడే తీగకు గాలి ప్రమాదం. భూమిలో పాతిన తీగకు గాలి భయం లేదు కాని, రోడ్డు తవ్వేవారి గడ్డపారతో భయం ఉంది. ఎక్కడైనా చెల్లే సురక్షిత స్థలం అంటూ ఏదీ లేదు. మీ ఊరికి ఏ ఆపద వస్తుందో ఊళ్ళో పెద్దలను అడిగి తెలుసుకోండి. నీరు గతంలో ఎంత ఎత్తు వచ్చిందో గోడ మీద గుర్తు చూపించగలవారు ఉంటారు. ఆ గుర్తు ఏ పరికరాల పుస్తకంలోనూ దొరకదు.

తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపు వేస్తే

ఇంతవరకు ప్రకృతి గురించి చెప్పుకున్నాం. నిజానికి నెట్‌వర్కులు ఆగిపోవడానికి మనుషులు చేసే మార్పులు కూడా పెద్ద కారణం. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ ప్రపంచమంతటా సుమారు ఆరు గంటలు ఆగిపోయాయి. నిర్వహణ పనిలో ఇచ్చిన ఒక ఆదేశం ఆ సంస్థ కేంద్రాల మధ్య ఉన్న సంబంధాలను తెంచివేసింది. దానితో వారి చిరునామాలు బయటి ప్రపంచానికి కనబడకుండా పోయాయి. ఇంజనీర్లు దూరం నుంచి సరిచేద్దామంటే, అందుకు వాడే సాధనాలు కూడా అదే నెట్‌వర్కు మీద ఆధారపడి ఉన్నాయి. మనుషులు స్వయంగా కేంద్రాలకు వెళ్ళి బాగుచేయవలసి వచ్చింది.

మూడు సేవలూ ఒకే పునాది మీద ఉండటం కూడా గమనించండి. వాట్సాప్ పోతే ఇన్‌స్టాగ్రామ్‌లో చెబుదామనుకున్నవారికి ఆ దారీ లేదు. ఇది వంతెన పక్క గొట్టం కథే.

దీని నుంచి వచ్చిన పద్ధతులు చాలా సాదావి. నెట్‌వర్కును సరిచేయడానికి ఆ నెట్‌వర్కు మీద ఆధారపడని దారి ఒకటి ఉంచుకోవాలి. చిన్న కార్యాలయంలో అది వేరే కంపెనీ సిమ్ము ఉన్న ఫోను కావచ్చు. మార్పును ముందు ఒకచోట చేసి చూసి, తరువాతే అన్నిచోట్లా చేయాలి. మార్పు చేసే ముందు పాత స్థితికి ఎలా రావాలో రాసి పెట్టుకోవాలి. శనివారం సాయంత్రం ఇంటికి వెళ్ళే ముందు మార్పు చేయకూడదు. ఈ చివరి నియమం ఎవరూ పాటించరు, అయినా రాస్తున్నాం.

ఇక రాతపని. ప్రతి తీగ రెండు చివరలా పేరు చీటీ అంటించాలి. ఏ చిరునామా ఏ యంత్రానిదో ఒక పుస్తకంలో రాయాలి. పటం అచ్చు వేసి గోడకు తగిలించాలి. పటం కంప్యూటరులోనే ఉంటే, కరెంటు పోయిన రోజున అది ఎవరికీ కనబడదు. బ్యాటరీలనూ రెండో లైనునూ అప్పుడప్పుడు పరీక్షించాలి. పరీక్ష అంటే మొదటి లైనును చేతితో పీకి చూడటమే. పీకడానికి భయం వేస్తోందంటే రెండో దాని మీద మీకే నమ్మకం లేదన్నమాట. ఆ సంగతి వానాకాలానికి ముందే తెలియడం మేలు.

సమాచారానికి నకళ్ళు తీసే విషయంలో 3-2-1 అనే లెక్క వాడుకలో ఉంది. సమాచారం మొత్తం మూడు ప్రతులుగా ఉండాలి. అవి కనీసం రెండు రకాల సాధనాల మీద ఉండాలి. ఒకటి వేరే చోట ఉండాలి. వేరే చోటు అంటే పక్క గది కాదు.

మీరే చేసి చూడండి

అడాజన్‌లో ఒక చిన్న ఆసుపత్రి ఉందని ఊహించండి. కింది అంతస్తులో నాలుగు కంప్యూటర్లు, ఒక స్విచ్చి, ఒక రూటరు ఉన్నాయి. రెండు కంపెనీల లైన్లు ఉన్నాయి, రెండూ ఒకే వంతెన మీదుగా వస్తాయి. బ్యాటరీ పెట్టె బల్ల కింద నేల మీద ఉంది. రోగుల రికార్డుల నకలు ఉన్న డిస్కు అదే గదిలోని బీరువాలో ఉంది. వానాకాలానికి నెల రోజులే ఉంది. వాళ్ళ దగ్గర పెద్దగా డబ్బు లేదు. ఏ పని ముందు చేయమని మీరు చెబుతారు? రాసుకున్న తరువాత కింది జవాబు చూడండి.

జవాబు: డిస్కును ముందు అక్కడి నుంచి తీయాలి. ఇంకో నకలు తీసి, నది అవతలి ఒడ్డున ఎత్తైన చోట, నమ్మకమైన వారి దగ్గర ఉంచాలి. అందులో రోగుల వివరాలు ఉంటాయి కాబట్టి డిస్కుకు సంకేతపదం పెట్టాలి. ఖర్చు ఒక డిస్కు ధర, బస్సు చార్జీలు. లైను తెగితే వారంలో బాగవుతుంది, రూటరు తడిస్తే కొత్తది కొనుక్కోవచ్చు. ఏ రోగికి ఏ మందు పడదో రాసిన రికార్డు తడిసిపోతే దాన్ని తిరిగి కొనలేరు. రెండో పని, బ్యాటరీ పెట్టెను, రూటరును, స్విచ్చిని పై అంతస్తుకు మార్చడం. దీనికి కొంత తీగ, ఒక రోజు కూలి చాలు. మూడోది, రెండు లైన్లలో ఒకదాన్ని మానేసి, ఆ డబ్బుతో నదిని దాటని దారి ఉన్న లైను తీసుకోవడం. మీరు మూడోదాన్ని మొదట రాసి ఉంటే ‘కొంచెం లెక్క’ భాగాన్ని బాగా అర్థం చేసుకున్నారు. అయితే ఆ లైను ఏర్పాటయ్యేలోపు నీరు వస్తే బీరువాలోని డిస్కు ఏమవుతుందో మరొకసారి ఆలోచించండి.